చెరువు మీది గీత

నేను మంచుకొండను మొదటిసారి చూసింది పంజాగుట్టలో, బట్టల షాపు పైన మూడో అంతస్తులో, కంప్యూటర్ తెర మీద. అంతవరకు మంచంటే నాకు సోడా బండి మీది ఐసుగడ్డే. అమీర్‌పేటలో ఆరు నెలలు కోర్సు చేసి, హాస్టల్లో నీళ్ల సాంబారు తాగి సంపాదించుకున్న ఉద్యోగం అది. విదేశాల నుంచి స్కాన్ చేసిన మ్యాపులు వచ్చేవి. వాటి మీది గీతల్ని మౌస్‌తో మళ్లీ గీసి పంపడమే మా పని. మా బ్యాచ్ మూడు నెలల ప్రొబేషన్ ఆ శుక్రవారంతో అయిపోతుంది. ఈలోగా ఒక్క తప్పు బయటపడినా ఇంటికే. నా పక్క సీటు అమ్మాయిని అలాగే పంపేశారు, మంచినీళ్ల సీసా తీసుకునే టైమైనా ఇవ్వలేదు.

ఆ వారం వచ్చింది ఒక పెద్ద శిఖరం మ్యాపు. పన్నెండుమందిమి తలా ఒక ముక్క పంచుకున్నాం. నల్ల చుక్కల గీత వేసవిలో కాలినడక దారి. ఎర్ర గీత, చలికాలంలో కాళ్లకు పలకలు కట్టుకుని మంచు మీద జారేవాళ్ల దారి. అలాంటి పని మనుషులు సరదాకి చేస్తారని నమ్మడానికే నాకు రెండు రోజులు పట్టింది.

ఆ కొండ మీద చాలా చెరువులున్నాయి, నా ముక్కలో ఒకటుంది. నల్ల గీత బుద్ధిగా ఒడ్డు వెంట పోయింది. ఎర్రది మాత్రం సూటిగా చెరువు నడిమధ్య నుంచి పోయింది. గీసినవాడు కునికిపాట్లు పడుతూ గీశాడనుకున్నాను. చెరువు మీద తామరాకులు తేలతాయి గాని మనుషులు నడుస్తారా? తప్పు కనబడితే ఊరుకునే రకం కాదు నేను, హాస్టల్ నోటీసు బోర్డు మీది అక్షరాలు కూడా దిద్దేదాన్ని. గీతను ఒడ్డుకు జరిపాను. నలుగురి ప్రాణాలు కాపాడినంత తృప్తిగా అనిపించింది. బుధవారం పొద్దున గీతల ఫైలు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మ్యాపు అంచున ఉన్న సూచనలు టైపు చేస్తున్నాను. రెండోదాని దగ్గర వేళ్లు ఆగిపోయాయి. చలికాలంలో ఒడ్డు వెంట వెళ్లకండి, పైనుంచి మంచు చరియలు విరిగిపడతాయి, గడ్డకట్టిన చెరువు మీదుగానే దాటండి అని ఉంది. 

నాలుగింటికి ఆ విదేశీ కంపెనీవాళ్లు దాన్ని ప్రింటుకు పంపుతారు. గడియారంలో మూడుంపావు. చెప్పకపోతే ఏమవుతుంది? మ్యాపు మీద నా పేరుండదు. మా టీమ్ లీడర్ చెకింగ్‌లో కూడా దాటిపోయింది. శుక్రవారం ఉద్యోగం ఖాయం చేసే లెటర్ చేతికొస్తుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, పది నిమిషాలు ఆ ఆలోచనలోనే కూర్చున్నాను. ఎదురుగా నా గీత. దాని పక్కన ఎత్తును చూపించే గీతలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, అంటే అక్కడ కొండ గోడలా నిలబడి ఉంది. ఆ గోడ కింద నేను మనుషుల్ని నడిపిస్తున్నాను.

లేచి టీమ్ లీడర్ దగ్గరికి వెళ్లాను. ఎర్రమంజిల్ నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు, గొంతు పెంచడం ఎరగని మనిషి. మా అందరికీ అన్న. జరిగింది చెప్పాను. ఆయన నా వైపు చూడలేదు, గడియారం వైపు చూశాడు.

“ఇంకెవరికన్న చెప్పినవా?”

“లేదన్నా.”

పెన్నుకు మూత పెట్టేశాడు. నేను పోయి నా సీట్లో కూర్చోవచ్చా అని అడగాలనిపించింది, అంత భయమేసింది. అప్పుడాయన లేచి హాలు మధ్యకు వచ్చాడు.

“చెరువు మీదికెల్లి పోయే గీతను ఎవరన్న ఒడ్డుకు జరిపిండ్రా? జర నిజం చెప్పుండ్రి.”

అందరికీ అదే శుక్రవారం. నేను చెయ్యెత్తాను. చాలాసేపు నాది ఒక్కటే. తర్వాత వెనక వరసలో ఒకటి లేచింది. కిటికీ దగ్గర ఇంకొకటి. చూస్తుండగానే ఏడయ్యాయి. మునిగిపోతారని భయపడి, ఎవరికి వాళ్లం, పక్కవాళ్లకు చెప్పకుండా ఆ మనుషుల్ని చావు కిందికి తీసుకెళ్లి పెట్టాం.

“చెకింగ్‌ల నేను సుత రెండు జరిపిన,” అని అన్న కూడా చెయ్యెత్తాడు. అదే చేత్తో ఫోనందుకుని, తప్పు మాదే, ప్రింటు ఆపమని చెప్పాడు. వాళ్లు ఆపారు.

శుక్రవారం ఎవరికీ లెటర్ రాలేదు. ఎవర్నీ పంపనూ లేదు, అందర్నీ పంపితే గీసేదెవరు? ఆ బుధవారం సాయంత్రం మాత్రం ఎవరి చెరువు వాళ్లు సరిచేసుకున్నాం. నేను గీతను ఒడ్డు నుంచి తీసి నీళ్ల మధ్యకు లాగాను. అదే సరైన దారని తెలిసినా, పంపేముందు ఆ రెండో సూచన ఇంకోసారి చదువుకున్నాను.