వకీలు సాబ్ చెప్పిన జవాబు

ఎనభైల చివరి మాట. సిరోంచలో మా అన్న రహీం లారీ నడిపేవాడు. జ్వరం తగ్గక నాగపూర్ తీసుకెళ్తే, రక్తంలో హెచ్‌ఐవీ ఉందన్నారు. ఆ కబురు మాకంటే ముందే ఊరు చేరింది.

వదిన హసీనా హాస్టల్లో వంట చేసేది. మేం తిరిగొచ్చిన మర్నాడే వార్డెన్ ఆమెను గేటు దగ్గర ఆపేశాడు.

"నువ్వు వండింది పిల్లలు తినరు. ఇగ రాకమ్మా" అన్నాడు.

వదినను వకీలు దగ్గరికి తీసుకెళ్లాను. అంతా విని ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"గిట్ల పనిలకెల్లి తీసెయ్యొద్దని కానూన్ ఏం లేదమ్మా. నేనేం చెయ్యాలె?"

"బీమారీ ఆయనకు, సాబ్. నా రక్తం గూడ చూసిండ్రు, ఏం లేదన్నరు" అంది వదిన.

"గది ఎవలు నమ్ముతరు?"

ఆ వానాకాలంలోనే అన్న పోయాడు. జనాజా మోయడానికి నలుగురు రాలేదు. నేనూ మామయ్యా ఎడ్లబండి మీద ఖబరస్తాన్‌కు తీసుకెళ్లాం.

వదిన చామోర్షి వైపు వెళ్లి పొలం పనులు చేసుకుని బతికింది. ఎవరైనా అడిగితే, భర్తను పాము కరిచిందని చెప్పేది.

వకీలు లేదన్న చట్టం చాలా ఏళ్లకు వచ్చింది. పేపర్లో చదివినా సంతోషించలేకపోయాను. అప్పటికి వదిన కూడా లేదు. పోయేదాకా ఆమె అక్కడ ఎవరికీ నిజం చెప్పుకోలేదు.