పెళ్ళయిన మగవాళ్ళ పుస్తకం

ఒక నవలను ఎవరికీ అందకుండా తాళం వేసి పెట్టాలని నేనూ సభ్యురాలిగా ఉన్న మా ఊరి గ్రంథాలయ కమిటీలో మాటొచ్చింది. సరే, ముందు జాగా చూద్దామని పాత బీరువా తెరిచాను. లోపల ఒక్క పుస్తకమూ లేదు గానీ కలరా ఉండల వాసన గుప్పుమన్నది. ఆ వాసన తగిలితే చాలు, జూలూరుపాడు వీరయ్య సార్ కళ్ళ ముందుకొస్తారు.

ఎనభైల నాటి మాట. అప్పుడు మేముండేది జూలూరుపాడులోనే, సార్ అక్కడ లైబ్రేరియన్. మహా నెమ్మది మనిషి, ఎవరితోనూ పేచీ పెట్టుకోరు. కాన్పుల గురించి బొమ్మలతో ఉన్న పుస్తకమొకటి వస్తే, ఆడపిల్లలు చెడిపోతారని సర్పంచ్ గొడవ చేశాడు. పెళ్ళయిన మగవాళ్ళకు తప్ప ఇవ్వొద్దన్నాడు. సార్ సరేనని, కలరా ఉండలు వేసిన బీరువాలో దాన్ని పెట్టి తాళం వేశారు. నాకు ఒళ్ళు మండింది. కనేది మేము, చదివేది వాళ్ళా!

అప్పుడు నాకు ఆరో నెల. మా అక్క తొలికాన్పులోనే పోయింది. ఎందుకు పోయిందంటే దేవుడు తీసుకుపోయాడన్నారు ఇంట్లో. భయంతో నాకు అన్నం సహించేది కాదు. ఏడో తరగతి చదివినదాన్ని కదా, వెళ్ళి ఆ పుస్తకం అడిగాను. సార్ తలెత్తకుండానే, "మీ ఆయన్ని పంపు బిడ్డా," అన్నారు.

"ఆయనకు అక్షరం ముక్క రాదు సార్."

"నాకు తెల్వదా? పంపు."

మా ఆయన వెదురు లారీల మీద కూలీ. గ్రంథాలయం గడప ఎన్నడూ తొక్కనివాడు, తలకు చుట్టిన తువ్వాలు విప్పి చంకలో పెట్టుకుని వెళ్ళి వేలిముద్ర వేశాడు. అక్కడే పేపరు చూస్తున్న సర్పంచ్, వీడికి పుస్తకమేందని గద్దించాడట. "పెండ్లైన మగోళ్ళకియ్యమన్నరు. చదువొచ్చినోళ్ళకే అని మీరు అనలె గద," అన్నారట సార్ మెల్లగా. ఇంటికొచ్చి మా ఆయన ఆ మాట చెప్పి చెప్పి నవ్వాడు.

ముఖం ఉబ్బి, తలనొప్పి తగ్గకపోతే ఆలస్యం చేయొద్దని ఆ పుస్తకంలోనే చదివాను. ఎనిమిదో నెలలో నాకు అదే వచ్చింది. వేడి చేసిందన్నది మా అత్త. నేను వినలేదు, వెదురు లారీలోనే కొత్తగూడెం దవాఖానాకు పోయాం. నేను బతికాను, నా బిడ్డా బతికింది. చివరి రోజుల్లో అక్క ముఖం కూడా అట్లాగే ఉబ్బిందని అక్కడ మంచం మీద గుర్తొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ తర్వాత ఆ పుస్తకం బీరువాలో నిలిచింది లేదు. చుట్టుపక్కల గూడేల నుంచి చదువురాని మొగుళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, వేలిముద్ర వేసి పట్టుకుపోయేవారు. సర్పంచ్ అల్లుడూ వచ్చాడని విన్నాను.

మొన్నటి నవల ఇంటికి తెచ్చుకుని చదివాను. నాకు నచ్చలేదు, కొన్నిచోట్ల రోత కూడా పుట్టింది. అయినా తాళం వెయ్యమనడానికి నోరు రాలేదు. ఆ ఖాళీ బీరువా మూసేసి, అందులో జాగా లేదని కమిటీకి చెప్పాను.