పూత దాటిన జనుము

మామయ్య మంచం పట్టిన ఏడాది మా మేనత్త పచ్చిరొట్ట ఎరువు కోసం చేనంతా జనుము చల్లింది. పూత రాగానే కలియదున్నాలి. కాడ లేతగా ఉంటేనే త్వరగా కుళ్లి, తర్వాత వేసే మొక్కజొన్నకు నత్రజని అందుతుంది. అది అత్తకు తెలియని సంగతేమీ కాదు. కానీ మంచం చేనువైపు కిటికీ పక్కన ఉండేది. ఆ పసుపుపూల వైపు తిరిగి పడుకుంటేనే మామయ్య మూలుగు తగ్గేది. ట్రాక్టరతను వచ్చిన ప్రతిసారీ అత్త "రేపు చూద్దాంలే" అని పంపేసింది. ఆయన పోయేనాటికి కాడలు నార తేలి కట్టెల్లా అయ్యాయి.

వాటినే దున్నించి, అదను దాటిపోతోందని వెంటనే విత్తించింది. మొక్క మోకాలెత్తు రాకముందే కింది ఆకులు పసుపెక్కాయి.

మా పాపకు జ్వరం రావడంతో నేను పరామర్శకు ఆలస్యంగా వెళ్లాను. అత్త చేలో ఉంది. ఆమె మరిది గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"సేద్యం చేశావా వదినా, పైరుకు కామెర్లు తెప్పించావా? ఈ పంట పోతే వచ్చే ఏడు నేనే దున్నుకుంటా. నువ్వు ఇంట్లో కూర్చో."

అత్త వంగి కలుపు పీకుతూనే ఉంది. ఇక ఆమె కోసం ఎదురుచూసేది ఆ చేనొక్కటే.

అతను వెళ్లాక, పాపకు ఎండ తగలకుండా కొంగు కప్పి, మట్టి తవ్వి చూశాను. కాడలు చెక్కుచెదరలేదు.

"అత్తా, వీటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకూ నత్రజని కావాలి. ముదురు కాడలో అది చాలదు. అందుకే నేలలో ఉన్నది లాగేసుకుంటున్నాయి. కాడ కుళ్లాక మళ్లీ వదులుతాయి. అప్పటిదాకా కాస్త యూరియా వెయ్యి."

"అంటే పైరు నోటికాడ కూడు వాటికి పెట్టానన్నమాట. మీ మామయ్యే ఉంటే నెత్తిన మొట్టికాయ వేసేవాడు." నవ్వబోయి ఆగిపోయింది. "తెలిసే ఆగానే."

ఆ సాయంత్రమే మొక్కల మొదళ్ల దగ్గర కొద్దికొద్దిగా యూరియా వేసి నీరు పెట్టింది. కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. పల్లపు భాగం మాత్రం తేరుకోలేదు.

కోతకు మళ్లీ వెళ్లాను. మరిది ఒక కంకి ఒలిచి చూపించాడు.

"సగానికి గింజే పట్టలేదు కదా వదినా."

"పట్టలేదు. తప్పు నాదే. అంతమాత్రాన చేను నీదైపోతుందా?"

అతను కంకిని బుట్టలో పడేశాడు. "చొప్ప తగలబెట్టించనా?"

"వద్దు. ముక్కలు కొట్టించి ఇప్పుడే దున్నిస్తా. మళ్లీ విత్తేలోగా కుళ్లాలి."

 అతను కొడవలి తీసుకుని అత్త పక్క సాలులోకి దిగాడు.