పచ్చదీపాన్ని నమ్మని ఏసురత్నం అన్న

రౌటరు మీది దుమ్మును కుంచెతో దులిపినప్పుడల్లా బండల పొడి వాసన ముక్కుకు తగులుతుంది, వెంటనే ఏసురత్నం అన్న గుర్తుకొస్తాడు. తాడిపత్రిలో మా ఇంటర్నెట్ ఆఫీసు బండలు పాలిష్ చేసే మిషన్ల పక్కనే. తెల్లటి పొడి సందు దొరికిన చోటల్లా చేరేది. ఆయన రోజూ పొద్దున్నే కుంచె పట్టుకుని ఆ పెట్టెను దులిపేవాడు. నేను నవ్వుకునేవాణ్ణి. డిగ్రీ చదివిన పొగరు మరి. ఆయనేమో పదో తరగతి తప్పి, స్తంభాలెక్కి కేబుల్ లాగుతూ పని నేర్చుకున్నవాడు.

మాకు ఇద్దరు పెద్ద ప్రొవైడర్ల నుంచి రెండు లైన్లు వచ్చేవి. తోవ తెలియని డేటా అంతా ఏ లైను గుండా బయటికి పోవాలో రౌటరుకు చెప్పి ఉంచేదే డిఫాల్ట్ రూటు. మొదటి లైను పోతే రెండోదానికి మళ్లాలి. లైను ఉందని రౌటరు మీద వెలిగే పచ్చదీపాన్ని మాత్రం అన్న నమ్మేవాడు కాదు.

"పచ్చలైటు ఉండాదంటే పక్కింటోడు పలికినాడనే అర్థమప్పా. వాని అవతల ఊరు ఉండాదో లేదో యాడ తెలుస్తాది? దూరంగా ఉండే సర్వర్‌ను అడిగేట్టు పెట్టు. అది పలక్కపోతే లైను మార్చేట్టు రాయి" అని నాకు పురమాయించాడు.

నేను రాయలేదు. ఒట్టి బద్ధకం. మొదటి తీగ పీకి చూశాను, డేటా రెండో లైనుకు మళ్లింది, తీగ మళ్లీ గుచ్చేశాను. "చూసినావా?" అని అన్న అడిగాడు. "చూసినా అన్నా" అన్నాను.

వేరుశనగకు పంటల బీమా నమోదు చేసుకోవడానికి ఆఖరి రోజు అది. చుట్టుపక్కల పల్లెల సేవాకేంద్రాలన్నీ మా లైను మీదే నడిచేవి. అన్న బంధువుల పెళ్లికని వజ్రకరూరు వెళ్లాడు. ప్రొవైడర్ వైపు ఎక్కడో లైను తెగింది. మా తీగ మాత్రం మా పెట్టెలో భద్రంగానే ఉంది, పచ్చదీపం వెలుగుతూనే ఉంది. పొద్దుటి నుంచి రౌటరు డేటానంతా ఆ చచ్చిన లైనులోకే తోసింది. రెండోది ఖాళీగా పడి ఉంది. నేను దీపం చూసుకుంటూ, తప్పు సెంటర్ల వాళ్లదేనని ఫోన్లలో వాదిస్తూ కూర్చున్నాను. సాయంత్రం బస్సు దిగి వచ్చిన అన్న ఒక్క నిమిషంలో చేత్తో లైను మార్చాడు. అప్పటికే గడువు దాటిపోయింది, ఎందరో రైతుల పేర్లు బీమాలో చేరనేలేదు. ఆ ఏడు వాన కూడా మొహం చాటేసింది.

గడువు దాటిన మరునాడే రైతులు వచ్చి ఆఫీసు ముందు కూర్చున్నారు. "ఎవురు పెట్టినార్రా ఆ రూటు?" అని ఓనరు అరిచాడు. అన్న నా వైపు చూశాడు. నేను తలెత్తలేదు.

"ఈడ పెద్దోన్ని నేను సార్. నాదే తప్పు" అన్నాడాయన.

రైతులకు చూపించడానికి ఓనరుకు ఒక మనిషి కావాలి, దొరికాడు. అన్ని ఏళ్ల చాకిరీని ఒక్క మాటతో బయటికి నెట్టేశాడు. తాళాలు నా చేతిలో పెడుతూ అన్న అన్నది ఒక్కటే: "ఆ చెకింగ్ ఈ పొద్దన్నా రాయప్పా."

ఆ రోజే రాశాను. ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. లైను తెగితే రౌటరు తానే కనిపెట్టి మారిపోతుంది, జనానికి తెలియను కూడా తెలియదు. నాకు మాత్రం ఆ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ సిగ్గుగానే ఉంటుంది. అన్న బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. మా ఇంటికి ఆ దారే దగ్గర. నేను ఇప్పటికీ చుట్టు తిరిగే పోతున్నాను.