హేమ చేతి వణుకు, సుజాతకు చేయించని టెస్టు

ఆ పొద్దు హేమ చేతిలో కాఫీ గ్లాసు నిలవలేదు. నేల తుడుస్తా తలెత్తి చూస్తే బిడ్డ కుడిచెయ్యి వణుకుతా ఉంది. హేమ నా పెద్దకూతురు. మా ఉద్దనపల్లి నుంచి బస్సులో హోసూరు కాలేజీకి పోయి బయోఇన్ఫర్మాటిక్స్ చదువుతా ఉండింది. బయాలజీ, కంప్యూటరు, లెక్కలు మూడూ కలిపిన చదువు, అప్పుడే కొత్తగా పెట్టినారు. మా ఆడబిడ్డ అయితే, డాక్టరూ కాదు ఇంజనీరూ కాదు, రెంటికీ చెడ్డ రేవడి అని ఎత్తిపొడిచేది. నేనూ చదువు బరువుకే వణుకుతా ఉందనుకున్నాను. సత్తువకని రోజూ పొద్దున్నే రాగిచెంబులో నీళ్ళు తాపినాను.

కొన్ని నెలలకు మాట ముద్ద అయిపోయింది. రాసేదంతా కోడిగీతలు. బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతే న్యూరాలజీ డాక్టరు కంట్లో లైటేసి చూసి, నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు ఉంగరం ఉందన్నారు. బ్లడ్ టెస్టు, ఒక దినం యూరిన్ అంతా పట్టి కాపర్ టెస్టు. విల్సన్స్ డిసీజ్ అన్నారు. రాగి బయటికి పోకుండా లివర్లో, మెదడులో చేరతాదంట.

నేనే తాపినాను సార్ అని ఏడ్చినాను.

"చెంబు వల్ల రాలేదమ్మా. పుట్టుకతో వచ్చింది. ఇంక దాంట్లో మాత్రం పోయొద్దు" అన్నారు. సొంతంలో చేసుకున్నారా అని అడిగినారు. చనిపోయిన మా ఆయన మా అమ్మ తమ్ముడే. తల వంచుకున్నాను.

ఒంట్లో చేరిన రాగిని బయటికి లాగే పెనిసిలమిన్ మాత్ర మొదలుపెట్టినాక బిడ్డ ఇంకా దిగజారింది. అన్నం నేనే తినిపించినాను. మొదట్లో కొందరికి ఇట్ల ఎక్కువవుతాది, మీరుగా మాత్ర ఆపొద్దు అని డోసు తగ్గించి మెల్లగా పెంచినారు. ఆ సంవత్సరం చదువు పోయింది.

చిన్నకూతురు సుజాతకూ టెస్టు చేయించమన్నారు. నేను చేయించలేదు. దానికి సామల్పట్టి సంబంధం మాట నడుస్తా ఉండింది. ఆసుపత్రికి పోయినట్ల తెలిస్తే ఎవరు చేసుకుంటారు? బాగా తిరిగే బిడ్డ గదా అనుకున్నాను.

హేమ మళ్ళీ కాలేజీకి పోయినాక ఒక దినం నన్ను ల్యాబుకు పిలుచుకొని పోయింది. స్క్రీను నిండా ఏ, టీ, జీ, సీ. అదే ఆ జబ్బు జీన్ అంట. ఉండేది నాలుగే అక్షరాలా, అయితే నేనూ చదువుదును అన్నాను. ఎన్ని నెలలకో నవ్వింది. మళ్ళీ మాట మాట కూడగట్టుకొని చెప్పింది.

"ఈ అక్షరాల్లో నాయన దగ్గిర ఒక తప్పు, నీ దగ్గిర ఒక తప్పు. ఒక్కోటే కాబట్టి మీకు జబ్బు రాలేదు. రెండూ నాకు వచ్చినాయి. చెల్లికీ వచ్చుండొచ్చు మా. నన్ను చూసినాక కూడా దాన్ని అట్లే వదిలేస్తావా?"

ఆ వారమే పోయినాము. సుజాతకూ ఉంది. నొప్పి లేదు, ఏ గుర్తూ లేదు. తినేదాంట్లో రాగి ఒంటికి పట్టకుండా జింక్ మాత్ర ఇచ్చినారు. సామల్పట్టి వాళ్ళకు నేనే చెప్పినాను. వాళ్ళు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు హేమ బెంగళూరులో ఒక ల్యాబులో పని చేస్తాది. మాట కొంచెం నిదానం. సుజాత టీచరు ట్రైనింగులో ఉంది. ఇద్దరూ పరగడుపున మాత్ర వేసుకుంటారు, బతికినన్నాళ్ళూ వేసుకోవాలంట.

మీ ఇంట్లో ఒక బిడ్డకు ఇది ఉంటే, ఆడుతా పాడుతా తిరిగే మిగతా బిడ్డలకూ టెస్టు చేయించండి. నేను సంబంధం చూసుకొని ఎనిమిది నెలలు పోగొట్టినాను. నాకు సంతకం దాకే వచ్చు. నేను చెప్తా ఉంటే సుజాతే రాస్తా ఉంది. ఈ ఎనిమిది నెలల మాట వద్దులే మా అంటాది. రాయి తల్లీ అన్నాను.