చెక్క కింద ఆవిడ నేల

మా ఇంటి ఓనరమ్మగారు చనిపోయారు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ముందు పోర్షన్ ఆవిడది, వెనక పోర్షన్ మాది. రోజూ పొద్దున్నే పాలవాడితో ఆవిడ గొడవ వినపడేది. ఆ రోజు వినపడలేదు. పాలవాడే వచ్చి మా తలుపు కొట్టాడు. "అమ్మ ఇయ్యాల తిట్టలేదక్కా, జర పోయి చూడు" అన్నాడు. జబ్బు చేసినప్పటి నుంచి రెండు పోర్షన్ల మధ్య తలుపుకి ఆవిడ గడియ పెట్టుకోవడం లేదు. వెళ్ళి చూస్తే మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పిలిచాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

నేను ఏడో తరగతితో చదువు ఆపేసినదాన్ని. నలుగురిలో నోరు పెగలదు. పరామర్శకి వచ్చినవాళ్ళు ఆవిడ గురించి తలో మాట చెబుతుంటే నేను ఏమీ చెప్పలేకపోయాను. ఇప్పుడు రాసి చెబుతున్నాను.

ఆవిడకి అనుమానం ఎక్కువ. ఇది చెప్పి ఆవిడని తక్కువ చేయడం లేదు. ఈ సందులో ఎవరిని అడిగినా ముందు ఈ మాటే చెబుతారు. పాలలో వేలు ముంచి గోరు మీద చుక్క నిలుస్తుందో జారుతుందో చూసేవారు. గ్యాస్ బండ వస్తే ఊపి చూసేవారు. హాస్టల్ అబ్బాయిలు గేటు ముందు నిలబడి ఫోన్ మాట్లాడితే, "ఎవనికి జెప్తున్నవు, మా ఇంట్ల ఎవరెవరుంటరో?" అని కిటికీలోంచి అరిచేవారు. పాపం వాళ్ళు ఊళ్ళో అమ్మకి పరీక్ష సంగతి చెప్పుకుంటూ ఉండేవాళ్ళు. "చూసుడు ముందు, నమ్ముడు ఎనక" అన్నది ఆవిడ మాట. ఆ నమ్మడం దాకా ఆవిడ ఎప్పుడు వస్తారో ఎవరికీ తెలిసేది కాదు.

అందరికన్నా ఎక్కువ అనుమానం నా మీద. నేను మాట్లాడను కదా! "తియ్యగ మాట్లాడెటోన్ని సగం నమ్మొచ్చు. మాట్లాడనోన్ని అసలే నమ్మొద్దు" అని నాకు వినపడేటట్టే అనేవారు. నాకూ ఆవిడంటే భయమే. మధ్య తలుపుకి చెవి ఆనిస్తారేమోనని అనుమానం. నేను చేపలు వండిన రోజు, "ఇయ్యాల చింతపండు ఎక్కువ పడ్డట్టున్నది" అంటే, వాసన పట్టారా, చూశారా అని రోజంతా ఆలోచించేదాన్ని.

మా ఆయన ఇళ్ళలో చెక్క నేల వేస్తాడు. మాది భీమవరం వైపు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక కాంట్రాక్టరు దగ్గర చేసేవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వచ్చినవాళ్ళు పంజగుట్టలో, ఎర్రమంజిల్‌లో కొత్త ఫ్లాట్లు కొని, పడకగదికి చెక్క నేల కావాలనడం అప్పుడప్పుడే మొదలైంది. మా ఆయన సొంతంగా పని పట్టుకుందామనుకున్నాడు. వచ్చిన ప్రతివాళ్ళూ, "ఎక్కడైనా వేసింది ఉంటే చూపించండి" అనేవారు. ఎవరు తమ పడకగది ఊరివాళ్ళకి చూపిస్తారు? అందుకే మా ముందుగదిలోనే వేసి చూపించాలనుకున్నాడు. అది కుదరకపోతే మళ్ళీ కూలికి పోవడమే. ఓనరమ్మగారికి కోపం వస్తే ఉన్న ఇల్లు కూడా పోతుంది. అడగడానికి వెళ్తుంటే నేను తలుపు వెనకే నిలబడిపోయాను.

"మేకులు కొట్టమండీ. జిగురు పెట్టం. పలకలు ఒకదాని అంచు ఇంకోదాంట్లో దిగి బిగుసుకుంటాయి. అంతే."

"మేకు లేకుంట, అంటు లేకుంట చెక్క నిలుస్తదా? నా చెవుల పూలు పెడుతున్నవా?"

"నిలుస్తుందండీ. వద్దనుకున్న రోజు తీసేస్తే మీ నేల మీకు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది."

"తీస్తరా మీరు? చెక్క మేమేసినం, ఇల్లు మాదే అని కూసుంటరు. నీ పెండ్లాం ఎందుకు మాట్లాడది? ఆమె మనసుల ఏమున్నదో ఆమెనే చెప్పమను."

నేను చెప్పలేదు. చెప్పడానికి నా మనసులో ఏమీ లేదు, భయం తప్ప.

ఆవిడ బెంగంతా కింద ఉన్న నేల గురించేనని తర్వాత అర్థమైంది. అది పాతకాలపు మొజాయిక్. తెల్ల సిమెంటులో ఎర్ర రాళ్ళు, నల్ల రాళ్ళు పొదిగి నున్నగా అరగదీసిన నేల. "మా ఆయన ఎండల నిలబడి ఏయించిండు. ఆయన పోయినంక నేను పెద్ద పని ఏదీ చేపియ్యలే ఈ ఇంట్ల" అన్నారు ఒకసారి. ఆ మాట అంటున్నప్పుడు కూడా మా ఆయన మొహంలోకి పరీక్షగా చూస్తూనే ఉన్నారు.

చివరికి ఒప్పుకున్నారు, చెక్క కింద ఏం పరుస్తామో తనే చూసి చెప్పాలన్న షరతు మీద. పలకలు నేరుగా నేల మీద వేయరు. కింద మెత్తటి పొర ఒకటి పరుస్తారు. దాన్ని అండర్‌లే అంటారు. అడుగుల చప్పుడు తగ్గడానికి, నేలలో ఎగుడుదిగుళ్ళు సర్దుకోవడానికి, చెమ్మ పైకి రాకుండా ఉండడానికి. మా ఆయన దగ్గర పనుల్లో మిగిలిన తెల్ల ఫోమ్ ఉంది. దాంతో సరిపెడదామనుకున్నాడు. ఆవిడ ఒక ముక్క తీసుకుని దాని మీద బియ్యం డబ్బా పెట్టారు. మర్నాడు డబ్బా జరిపితే ఫోమ్ అప్పడంలా అణిగిపోయి ఉంది.

"గిది నీ ఇంట్ల ఏస్కో."

తర్వాత నల్ల రబ్బరు షీటు తెచ్చాడు. దాన్ని తొక్కి చూశారు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు, మొహం చిట్లించారు. వంటింటి మూల, ఎవరికీ కనపడని చోట నేల మీద పరిచి, పైన ఇటుక పెట్టారు. ఎండాకాలం అంతా దాని ఊసెత్తలేదు. మేము మర్చిపోయారనుకున్నాం. ఒకరోజు మా ఆయన్ని పిలిచి ఇటుక తీయించారు. రబ్బరు కింద నేల మీద టీ ఒలికినట్టు మరక. ఎంత తోమినా పోలేదు.

"తెల్వదా నీకు?"

"తెలీదండీ" అన్నాడు మా ఆయన. నిజంగానే తెలీదు. అంతకుముందు పని చేసిన ఇళ్ళలో రబ్బరు వేసి వచ్చేవాళ్ళే కానీ, మళ్ళీ తీసి ఎవరు చూశారు?

ఆఖరికి కార్క్ షీటు ఒప్పుకున్నారు. సీసా బిరడాలు చేస్తారే, ఆ చెట్టు బెరడు పొడి చేసి షీటుగా అదిమినది. ఖరీదు ఎక్కువని మా ఆయన గొణిగాడు. ఆవిడ వాసన చూసి, గోటితో గిల్లి, "చెట్టు కింద చెట్టు. ఇది నడుస్తది" అన్నారు. దాని కింద చెమ్మ తగలకుండా పల్చటి ప్లాస్టిక్ కూడా పరవమన్నారు. పలకలు వేస్తున్నంతసేపూ గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు. మంచినీళ్ళకి కూడా లేవలేదు.

ఆ వానాకాలం మా గది మధ్యలో నేల పూరీలా పొంగింది. మా ఆయన మొహం వాడిపోయింది. ఇంక చూపించడానికి ఎవరిని పిలుస్తాం?

"నాకు ఎరుకే" అంటూ వచ్చారు ఓనరమ్మగారు. "కింద ఏమో పెట్టిండ్రు. తియ్యి. అంతా తియ్యి, చూస్త."

మా ఆయన గోడవారగా అంచు పలక లేపాడు. గోడకీ చెక్కకీ నడుమ వేలు పట్టేంత సందు వదులుతారు. వానల్లో చెక్క కాస్త సాగుతుంది కాబట్టి దానికి చోటు కావాలి. ఆ సందులో పైకి కనపడకుండా అడుగుకంటా గుడ్డ చుట్టలు కుక్కి ఉన్నాయి, గది చుట్టూ. చిలకపచ్చ చీర, ఎర్ర అంచు. ఆ చీర కట్టుకుని ఆవిడ చెత్తబండివాడితో పోట్లాడడం నేను చాలాసార్లు చూశాను.

మా ఆయన చుట్ట విప్పి పట్టుకుని ఆవిడ వంక చూశాడు.

"నేనే పెట్టిన" అన్నారు ఏమాత్రం తగ్గకుండా. "మీరు ఊరికి పోయినప్పుడు. చెక్క మిగిలించుకుందామని సందు ఇడిసిపెట్టినవనుకున్న. తేళ్ళు గిట్ల దూరితే ఎవరు జవాబ్? పెట్టొద్దని చెప్పినవా నువ్వు?"

చెప్పలేదు. అది నిజమే. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో నవ్వు వచ్చేసింది, పైకే. ఆవిడ గిరుక్కున నా వైపు తిరిగారు. "నవ్వస్తదా నీకు? గిన్నొద్దులు మూగదానివేమో అనుకున్న!" అన్నారు. అని తనూ మొహం పక్కకి తిప్పుకున్నారు. భుజాలు కదలడం నేను చూశాను.

గుడ్డలు తీసేశాక కొన్నాళ్ళకి పలకలు సర్దుకున్నాయి. ఆవిడ మాత్రం రోజూ తనిఖీకి రావడం మొదలుపెట్టారు. వచ్చి గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకునేవారు. చలికాలం మొజాయిక్ మీద అడుగు పెడితే ఆవిడకి అరికాళ్ళు జివ్వుమనేవట. చెక్క మీద జివ్వుమనడం లేదని ఒక్కనాడూ అనలేదు. "ఎక్కడనన్న కదులుతున్నదేమో చూస్తున్న" అనేవారు, కాళ్ళు నిమురుకుంటూ.

అసలు ఇబ్బంది, నేల చూడడానికి ఎవరైనా వచ్చినప్పుడు. ఆవిడ అక్కడే ఉండేవారు. ఒకసారి సాఫ్ట్‌వేర్ జంట ఒకటి వచ్చింది. మా ఆయన బాగున్న సంగతులు చెబుతుంటే ఈవిడ మధ్యలో అందుకున్నారు.

"నీళ్ళు పోస్తే పని ఖతం. వానల పొంగుతది, గోడ పక్కన ఖాళీ ఇడిసిపెట్టమనుండ్రి. కింద పరిచేది వేలుతోని పిసికి చూస్కోండ్రి. రబ్బర్ అంటే వద్దనుండ్రి. గీయనకు అది తెల్వది."

మా ఆయన పళ్ళు నూరుకున్నాడు. ఆ జంట మొహాలు చూసుకుని వెళ్ళిపోయింది. పోయిందనుకున్న ఆ పని మర్నాడు ఫోన్ చేసి మరీ ఇచ్చారు. "మీ అమ్మగారు ఉన్నదున్నట్టు చెప్పారండీ" అన్నారట. మీ అమ్మగారు అనుకున్నారు! ఆ సంగతి చెబితే ఆవిడ, "నేనెందుకైత మీకు అమ్మను? సరిగ ఇంకొకరిని అడిగి తెల్సుకున్నరో లేదో" అన్నారు. ఆ తర్వాత ఎవరు వచ్చినా ఆవిడ అక్కడ ఉండేటట్టు మా ఆయనే చూసుకునేవాడు.

మరుసటి చలికాలం నన్ను పిలిచారు. ఆయనని కాదు, నన్ను. "మీ ఆయన ఖాళీగ కూసున్నడు గదా. నా అర్రల సుత ఏస్తడేమో అడుగు." అర్ర అంటే గది, సుత అంటే కూడా. మా ఆయన అప్పుడు ఖాళీగా లేడు, ఊపిరాడనంత పనిలో ఉన్నాడు. నేను ఆ మాట చెప్పలేదు. "అడుగుతానండీ" అన్నాను. ఆవిడ గదిలో సగం దూరం వరకు, మంచం ఉన్న వైపు మాత్రమే వేయించుకున్నారు. మిగతా సగం ఎందుకు వద్దన్నారో చెప్పలేదు. బాగుందని కూడా చెప్పలేదు. జబ్బులో కాళ్ళు వాచినప్పుడు మాత్రం మంచం దిగి ఆ చెక్క మీదే కూర్చునేవారు. నేను గంజి తీసుకెళ్తే ముందు నన్ను ఒక చెంచా తాగమనేవారు. ఉప్పు చూడడానికట.

ఆవిడకి పిల్లలు లేరు. పోయిన రోజు సిద్దిపేట నుంచి తమ్ముడుగారు వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయి కిందకి చూశారు.

"గిది ఎవరేసిండ్రు?"

"ఆవిడే అడిగి వేయించుకున్నారండీ" అన్నాడు మా ఆయన.

"మా అక్కనా? పాలోన్ని సుత నమ్మది మా అక్క. కిరాయికున్నోళ్ళతోని నేల ఏయించుకున్నదా?" మమ్మల్ని ఎగాదిగా చూశారు. ఆ చూపు మాకు కొత్త కాదు. కానీ అదివరకు ఆ చూపు చూసిన మనిషి మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నారు, ఇప్పుడు మా తరఫున చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

ఇంతలో వాళ్ళ బంధువుల్లో ఒక ముసలావిడ, "మంచం మీదినుంచి దించుండ్రి. కాని చెక్క మీద ఎట్ల పండబెడ్తరు? కింద మెత్తగ పరిచిండ్రంట గదా. అది సుత మంచం లెక్కనే. మనిషి నేల మీద ఉండాలె" అన్నారు. పోయిన మనిషిని నేలకి దించడం పద్ధతి కదా. అవతలి సగం నేలే, కానీ అక్కడ గోడ పొడుగునా బరువైన బీరువాలు, బియ్యం డబ్బాలు. మనిషిని పడుకోబెట్టేంత చోటు లేదు.

"చెక్క తీసేయండి" అన్నాను. అంతమందిలో నేను మాట్లాడిన మొదటి మాట అది.

మా ఆయన పనిముట్లు తెచ్చుకుని, మంచం ఓ పక్కకి జరిపించి, కిటికీ వైపు మనిషి పట్టేంత మేర తీయడం మొదలుపెట్టాడు. తమ్ముడుగారు చేతులు వెనక్కి కట్టుకుని తల మీదే నిలబడ్డారు, కింద ఏం బయటపడుతుందో చూద్దామన్నట్టు. పలకలు ఒక్కొక్కటే ఊడి గోడకి చేరాయి. కార్క్ షీటు చుట్ట చుట్టాడు. ప్లాస్టిక్ లాగాడు. కింద నేల మీద నల్లగా ఒక మచ్చ కనపడింది. అందరూ అటే చూశారు. మా ఆయన భుజం మీద తువ్వాలు తీసి తుడిచాడు. కార్క్ పొడి. పోయింది. తెల్ల సిమెంటు, ఎర్ర రాళ్ళు, నల్ల రాళ్ళు ఎలా ఉండాలో అలా ఉన్నాయి. తమ్ముడుగారు పక్కకి జరిగారు. నలుగురు పట్టి ఆవిడని ఆ నేల మీదికి దించారు.

కర్మ అయ్యాక ఊరికి బయల్దేరుతూ ఆయన మా తలుపు దగ్గరికి వచ్చారు. ముందు పోర్షన్ తాళంచెవి నా వైపు చాపారు.

"మేము మళ్ళొచ్చేదాక రోజు జర ఊడ్చి దీపం పెట్టమ్మా. మీరు ఉండుండ్రి, ఖాళీ చేసుడు గట్ల ఏం లేదు. పోయిన నెల ఫోన్ల అక్కనే చెప్పింది, నాకేమన్న అయితే తాళం ఎనక పోర్షన్ పిల్లకియ్యి అని." వెనక్కి తిరిగి ముందు పోర్షన్ వైపు చూశారు. "మా అక్క ఎవ్వరిని నమ్మకపోయేది. నీకియ్యమన్నదంటే నాకే అనుమానంగ ఉన్నది."

నాకూ అనుమానమే. నిజంగా ఆవిడ ఆ మాట అన్నారా, ఈయన సిద్దిపేట నుంచి రోజూ రాలేక అన్నారా, నాకు తెలియదు. అడుగుదామనుకున్నాను. ఎప్పటిలాగే అడగలేదు. తాళంచెవి తీసుకున్నాను.

ఇప్పుడు రోజూ పొద్దున ఆ గది తుడుస్తున్నాను. తీసిన చోట మళ్ళీ పలకలు వేయమని ఎవరూ చెప్పలేదు, మేమూ వేయలేదు. గుమ్మం వైపు మిగిలిన చెక్కని గట్టిగా పిండిన గుడ్డతో తుడుస్తాను. కిటికీ వైపు నేల మీద చెంబుతో నీళ్ళు చల్లుతాను. తడి తగలగానే ఎర్ర రాళ్ళు, నల్ల రాళ్ళు పైకి తేలినట్టు మెరుస్తాయి. గాలికి ముందు అంచులు ఆరుతాయి. ఆవిడని దించి పడుకోబెట్టిన చోట నడుమన కాస్త పల్లం ఉంది కాబోలు, అక్కడ తడి చాలాసేపు నిలుస్తుంది. దాన్ని తొక్కకుండా గోడవారగా నడిచి బయటికి వస్తాను.