సూరన్న తాత పట్టుకున్న తాడు

కలకత్తాలోని మా మెటియాబ్రుజ్ బస్తీలో సూరన్న తాత కథ తెలియనివాళ్లు లేరు. ఓ వానాకాలం గల్లీలన్నీ మునిగితే, పూడుకుపోయిన మ్యాన్‌హోల్‌లోకి ఒంటరిగా దిగి, అడ్డుపడ్డ చెట్టుమొద్దుని వట్టి చేతులతో పెరికేశాడట. మొద్దు కాదు, కొండచిలువ అంటారు కొందరు.

తాత మా పక్కగదిలో ఒక్కడే ఉంటాడు. పొద్దున్నే ఆయనకి టీ ఇచ్చి నేను పనికి వెళ్తాను. ఎనిమిదిలో చదువు ఆగిపోయాక బ్యాంకు ఆఫీసరు గోపీనాథ్‌గారింట్లో వంటకి కుదిరాను. వాళ్లమ్మాయి చిన్మయి ఓ రోజు వంటగది గడపలో కూర్చుని తన పాఠం నాకు చెప్పింది. అమెరికా అడవుల్లో డేవీ క్రాకెట్ అనే వేటగాడు ఉండేవాడట. చెట్టుమీది జంతువుని చూసి నవ్వితే చాలు, అది దిగివచ్చేదట.

"అవన్నీ జనం అల్లినవే అక్కా. మామూలు మనిషేనట."

"మరి ఆయన కాదనలేదా?"

"ఎందుకంటాడు? ఆయనకీ బాగానే ఉండేదట. ఓట్లు కూడా పడ్డాయట."

మా తాత కాదంటూనే ఉన్నాడు.

నిజానికి ఆ రోజు మ్యాన్‌హోల్‌లోకి దిగింది సోములు. ఇద్దరిదీ మున్సిపాలిటీలో ఒకే జట్టు. ఒకరు నడుముకి తాడు కట్టుకుని దిగితే, రెండోవాడు పైన తాడు పట్టుకుని పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి. కిందివాడు "ఉన్నాన్రా" అనాలి. ఆ మాట రాకపోతే లాగెయ్యాలి. ఆ రోజు అడ్డు తొలగింది, నీళ్లు ఒక్కసారిగా లాక్కుపోయాయి. మాట రాలేదు. తాత లాగితే వట్టి తాడు వచ్చింది. సోములుకి ఇక్కడ నా అన్నవాళ్లు లేరు. సోములు పేరు నలుగురి నోటా వినాలన్నదొక్కటే తాత కోరిక.

ఈ ఏడు అమ్మవారి పండక్కి క్లబ్బు కుర్రాళ్లు తాతకి సన్మానం పెట్టారు. ఫ్లెక్సీలో తాతకి కండలు తిరిగాయి, భుజం మీద కొండచిలువ.

"ఏటిరా ఇది, ప్రదీపూ? సోములు పేరెయ్యండ్రా. నాను దిగనేదు."

క్లబ్బు సెక్రటరీ ప్రదీప్‌కుమార్ ఫ్లెక్సీ కడుతున్నతని వైపు తిరిగి నవ్వాడు. "చూశావా దాదా, ఎంత పెద్ద మనసో!"

తాత మైకులోనూ చెప్పాడు. "దిగినోడు సోములు. నాను తాడట్టుకున్నానంతే." జనం చప్పట్లు కొట్టారు. "సూరన్న తాతకీ జై!" అని ఎవరో అరిచారు. శాలువా కప్పారు.

అందరూ భోజనాలకి లేచాక తాత కనబడలేదు. వెతుక్కుంటూ వెళ్తే, గల్లీ మూల ఆ మ్యాన్‌హోల్ మూత దగ్గర ఉన్నాడు. శాలువా చేతిలో నలిగిపోతోంది.

"ఇంటికెళ్దాం తాతా."

"ఓపాలి పిలువే. నా గొంతు సాలట్లేదు."

నేను నలుగురిలో నోరెత్తే మనిషిని కాను. అయినా పిలిచాను. "సోములు తాతా!"

అటుగా వెళ్తున్న ఇద్దరు తిరిగి చూశారు.

"గట్టిగా. కిందకినపడాల."

మళ్లీ పిలిచాను. తాత మూత మీదకి వంగి, చెవి ఒగ్గి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.